ఎవరేమనుకుంటారో అని...

"మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. రెండు నెలలుగా సరిగ్గా నిద్రపోదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంది. డాక్టరుకు చూపిద్దామంటే మా అత్తగారు, 'పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళిందని నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలొస్తాయా?' అంటున్నారు. ఏం చెయ్యను?" అని ఒక సోదరి వ్రాశారు.

మీ అత్తగారి మీద నాకు కోపం లేదమ్మా. మనవరాలి మీద ప్రేమే ఆవిడచేత అలా అనిపిస్తోంది. కాని యిదే పిల్లకు టైఫాయిడ్ వస్తే దాచేవారా? (దాచినా ఎదురింటివారు బత్తాయిలతో దిగేవారనుకోండి!)

రెండు నెలలు నిద్రపట్టకపోవడం బద్ధకమూ కాదు, పొగరూ కాదు. మనోవ్యాధుల్లో సగం పద్దెనిమిదేళ్ళలోపే మొదలవుతాయనీ, చాలావాటిని ఎవరూ గుర్తించరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ముందు మార్కుల మాట కట్టిపెట్టి పిల్ల పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని అడగడానికి జంకకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. లేదన్నా ఈ వారం దాటనివ్వకండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు అక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక నలుగురికీ తెలియడమంటారా? రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం డాక్టర్లకు విధించింది. పేరంటాల్లో చెప్పుకునే వాళ్ళకు మాత్రం ఏ చట్టమూ లేదు!

వెళ్ళేటప్పుడు మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. అమ్మాయి ఎలా వుందో తప్పక వ్రాయండి.