తుప్పు పట్టిన కత్తిని తోమకండి!

విద్యార్థులారా! దసరా ఆయుధపూజకు పాత కత్తులు బయటికి తీసి, చింతపండు, ఇసుక పెట్టి మిలమిల మెరిసేదాకా తోమడం మీరు చూసే ఉంటారు. మెరుపే నాణ్యతకు గుర్తని చాలామంది నమ్మకం. అది సరికాదని నా అభిప్రాయం. తోమిన ప్రతిసారీ కొంత లోహం అరుగుతుంది. దానిమీది అక్షరాలు, బంగారు పని పోతే తిరిగిరావు.

మన ప్రాంతం వాళ్లం ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. మెట్‌పల్లికి చేరువలో, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసలలో ఉక్కు తయారుచేసేవారు. 19వ శతాబ్దం మొదట్లో వాయిసీ అనే వైద్యుడు దాన్ని స్వయంగా చూసి రాసిన వ్యాసం 1832లో కలకత్తాలో అచ్చయింది. మెట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపురం ఇనుము రెండు పాళ్లు కలిపేవారట. ఆ ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అక్కడికే వచ్చేవారు.

మరి ఆ ఉక్కును గుర్తించడం ఎలా? అయస్కాంతం చాలదు; ఇనుమైనా ఉక్కైనా దానికి అంటుకుంటుంది. తేడా అంతా కర్బనంలో ఉంది. చేత ఇనుములో అది 0.1 శాతం కూడా ఉండదు. మూస ఉక్కులో సుమారు 1.5 శాతం ఉంటుంది. ఆ ఉక్కును మెల్లగా చల్లార్చి, మితమైన వేడిలో పలుమార్లు సాగగొడితే, ఇనుము, కర్బనం కలిసిన సిమెంటైట్ రేణువులు వరుసలు కడతాయి. పలుచని ఆమ్లం తగిలితే చుట్టూ ఉన్న లోహం నల్లబడి, ఇవి తెల్లగా నిలుస్తాయి. నీటి అలల వంటి చార అదే.

అయితే చార కనబడగానే నమ్మరాదు. ఇనుము, ఉక్కు పొరలను కాచి అతికినా చారలు వస్తాయి. ఫిలిప్పీన్స్‌లోని మోరో ప్రజల పాత కత్తులు కొన్నింటిలో కనిపించేవి అలాంటివే. ఆమ్లంతో పైపైన గీసిన నకిలీలూ ఉన్నాయి. నునుపుచేసి మళ్లీ ఆమ్లం పూస్తే అసలు చార తిరిగి కనబడుతుంది, నకిలీది కనబడదు. పైగా చార ఉన్నంత మాత్రాన కత్తి మంచిదని కాదు. గట్టిదనం, పెళుసుదనం దాన్ని కాచి చల్లార్చిన తీరును బట్టి కూడా ఉంటాయి.

“తుప్పును వదిలేస్తే కత్తిని తినేయదా?” అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాలే తుప్పును మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాస్తే చాలు. గరుకు కాగితం వద్దు, కొలిమిలో పెట్టడం వద్దు. ఆమ్ల పరీక్ష నిపుణుల పని, ఇంట్లో చేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ కత్తిని పాత ఇనుము కింద తూకానికి అమ్మనివ్వకండి. మన కమ్మరుల విద్యకు ఊళ్లలో మిగిలినవి చిట్టెం దిబ్బలు. వారి చేతి పనికి సాక్ష్యం మీ ఇంటి అటకమీద ఉండవచ్చు.