నాలుగేళ్ళ లెక్క ఎవరిది?

ఉప్పల్, నాచారం కాలనీలలో ఇప్పుడు ఏ గేటుకు చూసినా సోలారు పలకల కరపత్రమే. "నాలుగేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది, ఆ తరువాత ఇరవై యేళ్ళు కరెంటు ఉచితం" అన్నది వాటి పల్లవి. ఆ పల్లవి అబద్ధమని నేననను. కొందరి విషయంలో అది అక్షరాలా నిజం. ఆ కొందరి నిజాన్ని వీధిలోని ప్రతి ఇంటికీ అంటగట్టడం మీదనే నా పేచీ. (అన్నట్టు, 'ఉచితం' అంటే సంస్కృతంలో 'తగినది' అని అర్థం. 'వెల లేనిది' అన్న అర్థం తెలుగులో వచ్చి చేరింది. ఈ అమ్మకందార్లు రెండో అర్థం చెప్పి మొదటి అర్థాన్ని మింగేస్తున్నారు.)

ఎండ అందరి కప్పు మీదా ఒకే తీరున కాస్తుంది. దాని వెల మాత్రం ఇంటింటికీ వేరు. ఆ వెలను నిర్ణయించేది సూర్యభగవానుడు కాదు, కరెంటు బిల్లులోని స్లాబు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుండి అమలైన ధరలనే చూడండి. నెలకు నూరు దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి నూరు యూనిట్లు 3.40 చొప్పున, మిగిలినవి 4.80 చొప్పున. 200 దాటితే మొదటి యూనిట్ నుండే 5.10, ఆపైన నూటికి 7.70, ఆ తరువాతి నూటికి 9 రూపాయలు. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలైతే, 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు! ఈ మెట్లు తెలియకుండా సోలారు లెక్క వేయడం సంధి తెలియకుండా పద్యానికి అర్థం చెప్పడం వంటిది.

ఇద్దరు పిల్లలు, రెండు ఏసీలు ఉండి నెలకు 400 యూనిట్లు కాల్చే ఇల్లు ఒకటి అనుకుందాం. వాడకపు ఛార్జీ 2,690. మూడు కిలోవాట్ల పలకలు పెడితే, కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున నెలకు 360 వస్తాయి. మిగిలిన 40 యూనిట్లకు 78 రూపాయలు కడితే చాలు. ఖర్చు 2 లక్షలనుకుంటే, 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్రపథకపు రాయితీ 78,000 పోగా 1,22,000. ఏడాదికి 31,000 పైచిలుకు మిగులుతుంది. నాలుగేళ్ళ మాట నిజమే. ఆ ఇంటివారు ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే అది వారి బద్ధకం.

ఇక మావంటి ఇళ్ళు. ఇద్దరు వృద్ధులు, 180 యూనిట్లు, 724 రూపాయలు. రెండు కిలోవాట్లకు 1,35,000 అనుకొని 60,000 రాయితీ తీసివేస్తే చేతి నుండి పెట్టవలసింది 75,000. బిల్లు మొత్తం సున్నా అయినా ఏడాదికి మిగిలేది 8,688. అదే సొమ్ము ఏడు శాతానికి బ్యాంకులో వేస్తే 5,250 వడ్డీ వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. అసలు రాబట్టుకోవడానికే ఎనిమిదిన్నర యేళ్ళు దాటుతుంది. వేసవిలో 200 దాటే ఇంటికి లెక్క కొంత మెరుగు, కాదనను. ఇక గృహజ్యోతి కింద 2024 మార్చి నుండి సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబానికి మిగలడానికి ఏమున్నది? ఆ గుమ్మంలో కూడా ఈ కరపత్రం పడుతున్నదే!

కరెంటు ధర పెరుగుతుంది కదా, అప్పుడు లాభమూ పెరుగుతుంది కదా అంటారు. నిజమే. అయితే పలకల కన్నా చాలా ముందే ఇన్వర్టరు మార్చవలసి రావచ్చని కూడా చెప్పాలి. దుమ్ము సంగతీ చెప్పాలి. ఉప్పల్ నుండి నారపల్లి దాకా 2018లో తలపెట్టిన పైవంతెన పనులు ఏళ్ళ తరబడి సాగిన దారిలో ఆ దుమ్మెంతో వేరే చెప్పనక్కరలేదు. తరచు కడగకపోతే దిగుబడి పడిపోతుంది. డెబ్బై యేళ్ళ మనిషి నీళ్ళ బకెట్టుతో డాబా ఎక్కాలా? పైగా బ్యాటరీ లేని సోలారు, వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా ఆ ఏర్పాటు. మా ఇంటికి వచ్చిన అమ్మకందారు ఈ సంగతి అడిగితే గాని చెప్పలేదు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇరవై అయిదేళ్ళది. పలక ఇరవై అయిదేళ్ళు బతుకుతుంది సరే, ఇల్లు బతుకుతుందా? హబ్సిగూడ నుండి నాచారం దాకా ముప్పై నలభై యేళ్ళ కిందట కట్టుకున్న సొంత ఇళ్ళు ఒకటొకటిగా బిల్డర్ల చేతికి పోతున్నాయి. రెండంతస్తుల ఇంటి పక్కన అయిదంతస్తులు లేస్తే పూట ఎండ పోయినట్టే. ఒక పలకమీది నీడ దానితో వరుసగా కలిపిన తక్కిన పలకలనూ కుంటుపరచవచ్చు. పక్క స్థలం ఖాళీగా ఉందా, అమ్మకానికి ఉందా అని అడిగిన అమ్మకందారును నేనింతవరకు చూడలేదు.

కప్పే లేని వారి మాట మరొకటి. సొంత డాబా ఉన్నవానికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రాయితీ. అపార్టుమెంటు సంఘానికైతే కిలోవాటుకు 18,000, అదీ లిఫ్టు, నీటిమోటారు వంటి ఉమ్మడి అవసరాలకు. నాచారం పారిశ్రామికవాడలో పనిచేస్తూ ఒంటిగదిలో అద్దెకుండే కార్మికునికి ఏమీ లేదు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా అతడు పన్ను కడుతూనే ఉన్నాడు. రెండు ఏసీల ఇంటికి చేరిన 78,000లో అతని పైసలూ ఉన్నాయి.