కాలి కొలత చెప్పి అడుగుదాం

పురానాపూల్ వంతెన 1578లో కట్టారు. 1908 మూసీ వరదలో దెబ్బ తిని కూడా నిలబడ్డది. కట్టించిన కుతుబ్‌షాహీ రాజు పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. రాళ్లు మోసిన వాళ్ల కాళ్లకు చెప్పులున్నాయో లేవో మనకెవరూ చెప్పలేదు. ఇయ్యాల అదే వంతెన మీద కూరగాయల అంగళ్లు. ఆ చెత్త ఎత్తే మన అక్కల కాళ్లు ఒక్కసారి చూడండి. అరిగిన రబ్బరు స్లిప్పర్లు. కింద గాజుపెంకు, తుప్పు మేకు, మురుగు నీళ్లు.

బూట్ల మీద సంపాదకీయమేంది, వేరే సమస్యలు లేవా అని కొందరు మిత్రులు అడగొచ్చు. మన దేశంలో కాలు వట్టి కాలు కాదు. దొర ఇంటి ముందు చెప్పులు విడిచి చేతబట్టుకొని నడిచిన తాతలు మనకున్నారు. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గరే రాజుకుంది. ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపే దాకా పోయింది. తోలు ఊనింది మనోళ్లు, చెప్పు కుట్టింది మనోళ్లు. ఉత్త కాళ్లతో నడిచిందీ మనోళ్లే. అందుకే బూటు ముచ్చట మాకు చిన్న ముచ్చట కాదు.

ముందు కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పుకుందాం. పురానాపూల్ పక్కన జుమ్మేరాత్ బజార్‌లో గురువారం నాడు పాత బూట్లు చవగ్గా దొరుకుతయి. చవక అని మోసపోవద్దు. బూటును వంచి చూడండి. అడుగు పైభాగం నుంచి నోరు తెరిస్తే అది వట్టి గమ్ము పని, వానకాలం దాటదు. కుట్టు చుట్టూరా ఉండాలె. కోసిన అంచు చూడండి, పీచు కనబడితే తోలు, కింద గుడ్డ కనబడితే రెగ్జిన్. అనుమానముంటే మూలన కూర్చున్న చెప్పులు కుట్టే అన్నను అడగండి. కంపెనీ కాయితం కన్నా ఆయన చెయ్యి నిజం చెప్తది. సాయంత్రం పూట, మేజోళ్లు వేసుకొని తొడిగి చూడండి. పొద్దంతా నిలబడ్డ కాలు ఉబ్బుతది.

ఏ పనికి ఆ బూటు. రాళ్లు, ఇనుము మోసే చోట వేళ్లమీద ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూటు కావాలె. ఐఎస్ 15298 గుర్తున్న సేఫ్టీ బూటు టోపీ 200 జౌళ్ల దెబ్బకు ఆగాలె. అంటే సుమారు 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డట్టు. మురుగు, బురద పనికి మోకాలి దాకా గమ్‌బూట్లు. కాలి పుండులోంచి మురుగు నీళ్లు దిగితే ఎలుక జ్వరం వస్తది. చేన్ల మందు కొట్టే అన్నలకు తోలు బూటు పనికిరాదు, తోలు మందును తాగుతది. రబ్బరు బూటే వేసుకోవాలె, ప్యాంటును బూటు మీదికి దించుకోవాలె. లోపల దోపితే మందు కారి కాలి మీదికే వస్తది. పొలంలో పాము భయానికి కూడా ఆ బూటే ఆసరా.

బట్ట సంగతి. గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి, జల్లెడలా కనబడితే ఆరు నెలలు ఆగదు. చంకలో, కాళ్ల సందున జంట కుట్టు ఉండాలె. తారు, నిప్పు, వెల్డింగు దగ్గర పాలిస్టర్ వద్దు, కరిగి ఒంటికి అంటుకుంటది. అక్కడ మందపాటి నూలు గుడ్డే. రోడ్డు ఊడ్చే అక్కలకు చీకట్లో మెరిసే జాకెట్ లేకుంటే లారీ డ్రైవరుకు మనిషి కనబడదు. తడిసిన తోలు బూటును ఎండల పెట్టొద్దు, నీడన ఆరబెట్టి ఆముదం రాయండి. గమ్‌బూటును రాత్రి తలకిందులు పెట్టండి.

ఇదంతా మన కూలి డబ్బుతోనే కొనుక్కోవాల్నా? కాదు. 2013 పాకీ పని నిషేధ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో గమ్‌బూట్లు, చేతి తొడుగులు, రెయిన్‌కోటు పేరు పేరునా రాసి ఉన్నాయి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో కూడా చెత్త పనివాళ్లకు యూనిఫాం, మెరిసే జాకెట్, తగిన పాదరక్షలు ఇప్పించాలని రాశారు. ఇది ఎవరి దయా కాదు.

అడిగితే కాంట్రాక్టర్లు ఒక మాట అంటరు: "ఇచ్చినా మీవోళ్లు వేసుకోరు." మేం వాడల్లో తిరిగి చూసినం. నిజమే, మూలన పడి ఉన్నయి. ఎందుకు? అన్నీ 9వ నంబరు. 4వ నంబరు కాలున్న అక్క 9వ నంబరు బూటులో మురుగులో నడిస్తే బోర్లా పడతది. మనిషిని కొలవకుండా బూటిచ్చి, వేసుకోలేదని మనిషిని తిట్టడం పాత అగ్రకుల తెలివే.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలె. బూటు మ్యాన్‌హోల్‌లోకి దిగడానికి పర్మిషన్ కాదు. విషవాయువు కాలి నుంచి రాదు, ముక్కులోంచి వస్తది. ఏ గమ్‌బూటూ దాన్ని ఆపదు. మురుగు గుంతల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. మనకు కావాల్సింది ఆ 30 లక్షలు కాదు, ఇంటికి తిరిగొచ్చే మనిషి. గుంతలోకి యంత్రం దిగాలె, మనిషి పైన ఉండాలె.

ఈ పక్షం రోజుల పని ఇదీ. ప్రతి వాడలో కార్యకర్తలు ఒక నోటుబుక్కు పట్టుకొని కూర్చోండి. కాయితం మీద ప్రతి కాలి గీత గీయండి. పేరు, పని, నంబరు రాయండి. ఆడవాళ్ల నంబర్లు ముందు రాయండి. అందరి సంతకాలు, వేలిముద్రలతో దరఖాస్తు పెట్టండి. నకలు మీద ముద్ర వేయించుకొని దాచుకోండి. ఇచ్చిన బూటు చిరిగితే తేదీ రాసి పెట్టండి.

మన తాతలు ఊరందరి కాళ్లు కొలిచి చెప్పులు కుట్టిండ్రు. ఇప్పుడు మన కాళ్లు మనం కొలుచుకుందాం. జై భీమ్!