బోర్డు మీద ఎవరి పేరు?

తెల్లవారుజామున నాలుగున్నరకల్లా మా గోడ అవతల గ్రైండరు మొదలవుతుంది. అది మా పక్కింటి వదిన మెస్సు. అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు గ్రంథాలయంలో కుర్చీ దొరకాలని పొద్దున్నే పరుగులు పెడతారు. వాళ్లకి ఏడింటికి ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, కూర, చారు, రాత్రికి చపాతీ. సరుకులు తెచ్చేది, వంటమనిషి రాకపోతే గరిటె పట్టేది, నెల బాకీలు వసూలు చేసేది అన్నీ వదినే. బోర్డు మీద మాత్రం అన్నయ్య పేరు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "ఇంత చాకిరీ నీదైతే పేరు ఆయనదేంటి వదినా?" అని. "ఎవరి పేరుంటే ఏంటమ్మా, పప్పు రుచి మారుతుందా?" అని నవ్వేసింది.

రుచి మారలేదు. కానీ 2020లో కరోనా వచ్చి, హాస్టళ్లు ఖాళీ అయి, పిల్లలంతా ఊళ్లకి వెళ్లిపోయారు. నెలల తరబడి మెస్సు మూతపడింది. మళ్లీ తెరుద్దామనుకునేసరికి అన్నయ్య మంచాన పడ్డారు. వదిన అప్పుకోసం ఒక బ్యాంకుకి వెళ్లింది. "మీకు వ్యాపారం ఉందనడానికి ఆధారమేదమ్మా?" అన్నారట. లైసెన్సు ఆయనది, ఖాతా ఆయనది, కరెంటు బిల్లు ఆయనది. ఎనిమిదేళ్లు వందలమందికి అన్నం పెట్టిన మనిషి కాగితం మీద వట్టి 'గృహిణి'. చివరికి గాజులు తాకట్టు పెట్టి పొయ్యి వెలిగించింది.

ఈమధ్య 'స్టార్టప్' అనే మాట తరచుగా వింటున్నాం. ఆ మాట వినగానే అద్దాల మేడ, ల్యాప్‌టాప్ పట్టుకున్న అమ్మాయి గుర్తొస్తారు. మా వదిన గుర్తురాదు. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే మన వరంగల్ జిల్లా ఆడపడుచు అనిలా జ్యోతిరెడ్డిగారి జీవితం చూడాలి.

ఆమె 1970లో నరసింహులగూడెంలో పుట్టారు. ఇంట్లో తిండికి కష్టమై, తల్లి బతికి ఉండగానే తల్లిలేని పిల్లనని చెప్పించి అనాథాశ్రమంలో చేర్పించారు. అక్కడే పదోతరగతి చదివారు. పదహారో ఏట పెళ్లి. పద్దెనిమిది నిండేసరికి ఇద్దరు ఆడపిల్లలు. రోజుకి 5 రూపాయల కూలికి పొలం పనులకి వెళ్లారు. నెహ్రూ యువ కేంద్ర వాలంటీరుగా చేరి, రాత్రిబడిలో చదువు చెప్పారు. రాత్రిళ్లు లంగాలు కుట్టారు, ఒక్కోదానికి రూపాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశారు. టీచరు ఉద్యోగం వచ్చాక, బడికి వెళ్లిరావడానికి రోజూ పట్టే గంటల ప్రయాణంలో తోటి ప్రయాణికులకి చీరలు అమ్మారు. తరువాత కంప్యూటరు నేర్చుకుని, పిల్లలని హాస్టల్లో వదిలి అమెరికా వెళ్లారు. అక్కడ వీడియో షాపులో, పెట్రోలు బంకులో పనిచేశారు. 2001లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో 'కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్' అనే కంపెనీ పెట్టారు. తన కథని తెలుగులో 'ఐనా నేను ఓడిపోలేదు' అనే పుస్తకంగా రాసుకున్నారు.

ఈ కథ చెప్పేవాళ్లంతా చివర్లో "చూశారా, ధైర్యముంటే ఏదైనా సాధ్యమే!" అంటారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. ధైర్యం లేని కూలిమనిషి ఎవరు? వరినాట్లలో నడుము వంచిన ప్రతి ఆడదానికీ ధైర్యముంది. జ్యోతిరెడ్డిగారికి ధైర్యంతోపాటు తెరిచి ఉన్న తలుపులు కొన్ని దొరికాయి. ఆ తలుపుల సంగతి ఎవరూ చెప్పరు.

మొదటిది ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో మన హైదరాబాదులో పెట్టారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. తరువాత అంబేద్కర్ పేరు పెట్టారు. రోజూ కాలేజీకి రానక్కర్లేదు, పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడిగేవారు లేరు. అదే లేకపోతే ఇద్దరు పిల్లల తల్లి పట్టభద్రురాలయ్యే దారేది? రెండోది, చిన్నదే అయినా చేతికొచ్చే జీతం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కుట్టిన లంగా డబ్బులు, అమ్మిన చీర లాభం, బంకులో దాచిన డాలర్లు, అన్నీ ఆమె సొంత సంపాదనే. కంపెనీకి పెట్టుబడి ఆమె దాచుకున్న 40 వేల డాలర్లేనని చెబుతారు. ఏం వ్యాపారం పెట్టాలన్న ఆలోచన కూడా తన కష్టంలోంచే వచ్చింది. వీసా కాగితాలకోసం తిరిగి తిరిగి, ఆ పని తనకే బాగా తెలిసిందని గ్రహించారు.

అయితే ఒక మాట. ఒక ఆడది తన పేరున ఒక కంపెనీ చూసుకోవడానికి పిల్లలని వదిలి సముద్రాలు దాటాలా? దాటి గెలిచినవారికి నమస్కారం. కానీ దాటలేనివారికి ఇక్కడే దారి ఉండొద్దూ?

దారులు అసలు లేవని కాదు. 1993లోనే రమాదేవిగారు, మరికొందరు మహిళలు కలిసి 'ఎలీప్' సంఘం పెట్టి, గాజులరామారంలో ఆడవాళ్ల పరిశ్రమలకోసం ప్రత్యేకంగా ఎస్టేటు సాధించారు. 2015లో వచ్చిన ముద్ర రుణాలకి తాకట్టు అక్కర్లేదు. 2018 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం 'వీ హబ్' ప్రారంభించింది. కానీ ఏ గుమ్మం ఎక్కినా మొదట అడిగేది ఒకటే: మీ పేరున ఏముంది?

అక్కడే మనం ఆగిపోతున్నాం. ఇందులో మగవాళ్ల తప్పొక్కటే కాదు, మన మొహమాటం కూడా ఉంది. నా సంగతే చెబుతాను. నా కథలకి వచ్చే పారితోషికం చాలాకాలం మావారి ఖాతాలోనే పడేది. ఆయన అడగలేదు, నేనే రాసిచ్చాను. నా పేరున ఖాతా లేకనా? ఉంది. అయిదువందలకి అంత హడావుడెందుకులే అనుకున్నాను. ఆ అయిదువందలూ నా కథవేనని నేనే అనుకోకపోతే ఇంకెవరనుకుంటారు?

లెక్కల్లోనూ అంతే. వదినని "నెలకెంత మిగులుతుంది?" అని అడిగితే బియ్యం, నూనె, గ్యాసు, వంటమనిషి జీతం పోగా ఇంత అంటుంది. నాలుగున్నరకి లేచిన ఆమె జీతమో? అది లెక్కలోకే రాదు. వంటమనిషి మానేస్తే ఆ డబ్బు మిగిలిందని సంతోషిస్తుంది కూడా! తన శ్రమకి ధర కట్టుకోని వ్యాపారం లాభాల్లో ఉందో నష్టాల్లో ఉందో ఎలా తెలుస్తుంది?

అందుకే ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవారికి, బ్లౌజులు కుట్టేవారికి, ట్యూషన్లు చెప్పేవారికి నేను చెప్పేవి మూడే మాటలు. మీ పేరున ఖాతా, మీ పేరున లైసెన్సు, మీ జీతం కూడా రాసిన లెక్కల పుస్తకం. కాపురంలో నీది నాది ఏమిటని ఎవరైనా అంటే, మరి బోర్డు మీద నా పేరుంటే అభ్యంతరమేమిటని నవ్వుతూనే అడగండి.

పోయిన నెల వదిన కొత్త లైసెన్సుకి దరఖాస్తు పెట్టింది, తన పేరున. ఫారంలో 'వృత్తి' అన్నచోట పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగింది. "ఏం రాయనమ్మా?" అంది. నేనేమీ చెప్పలేదు. కాసేపటికి తనే 'వ్యాపారం' అని రాసింది.

గ్రైండరు ఇప్పటికీ నాలుగున్నరకే మొదలవుతోంది. పప్పు రుచీ మారలేదు.