పాత టేప్ రికార్డర్‌కు కొత్త కొలువు

గల్ఫ్ నుండి తెచ్చుకున్న టేప్ రికార్డర్ మన ఇళ్ళలో చాలాచోట్ల అటక మీదే ఉంటుంది. పాత సామాన్లవాడికి వేయకండి. ఇంట్లో ప్రసంగాలు, పిల్లల పాఠాలు రికార్డు చేసేవారికి అది పనికివస్తుంది. హెడ్‌ఫోన్లలో గంభీరంగా వినిపించిన గొంతు, ఊళ్ళోని నానమ్మ ఫోనులో మాట తెలియకుండా పోవచ్చు. చిన్న స్పీకరు మంద్రస్వరాలను సరిగా పలికించలేదు. మాట స్పష్టత ఎంతో అక్కడే తేలుతుంది. 1970లలో స్టూడియోలు ఆరాటోన్ అనే చిన్న ఘనాకార స్పీకర్లను ఉంచుకున్నది ఇందుకే.

పెట్టె విప్పనక్కరలేదు. కార్ల కోసం వచ్చిన క్యాసెట్ అడాప్టర్‌ను లోపల పెట్టి, తీగను ఫోనుకు తగిలించి, ప్లే మీట నొక్కండి. (సెల్లులతో నడపడమే క్షేమం.) అక్షరాలు కలిసిపోయినట్లు వినిపిస్తే శబ్దం పెంచి లాభం లేదు, ఫ్యాను ఆపి, మైకును నోటికి దగ్గరగా జరిపి మళ్ళీ రికార్డు చేయండి.