తేలిన గడ్డ, తవ్విన గడ్డ

"టీఎస్‌హెచ్ నార్మలే కదండీ, ఇంక క్యాన్సర్ ఎక్కడిది?" మెడ మీద గడ్డ గురించి మాటొస్తే నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఈ నమ్మకంతోనే ఎందరో ఆడవాళ్లు గడ్డను అలాగే ఉంచుకుని ఏళ్లు గడిపేస్తున్నారు. టీఎస్‌హెచ్ చెప్పేది థైరాయిడ్ గ్రంథి ఎలా పనిచేస్తోందన్నది మాత్రమే. గడ్డలో ఏముందో అది చెప్పలేదు. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఆ రక్తపరీక్ష నార్మల్‌గానే ఉంటుంది.

పైగా ఈ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేనిదాన్ని మన ఇళ్లలో జబ్బుగా లెక్కేయరు, అందులోనూ అది అమ్మకొస్తే. అద్దం ముందు నిలబడి, గడ్డం కాస్త పైకెత్తి, ఒక గుక్క నీళ్లు మింగి చూడండి. గొంతుముడికి దిగువన, గుటకతో పాటు పైకి లేచి దిగే ఉబ్బు కనిపిస్తే అది థైరాయిడ్‌దే కావచ్చు. అలాంటి గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావు. అయినా డాక్టరుకు చూపించుకోవాల్సిందే. గడ్డ గబగబా పెరుగుతున్నా, చేతికి రాయిలా తగులుతున్నా, వారాలు గడిచినా గొంతు బొంగురు తగ్గకపోయినా, ముద్ద దిగడం కష్టమైనా, మెడ పక్కన బిళ్లలు కట్టినా ఒక్క వారం కూడా వాయిదా వేయొద్దు. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 1986లో చెర్నోబిల్ అణుకేంద్రం పేలాక, రేడియోధార్మిక అయోడిన్ కలిసిన పాలు తాగిన పిల్లల్లో ఈ క్యాన్సర్ విపరీతంగా పెరిగింది.

ముందు స్కానింగ్ చేస్తారు. అనుమానం ఉంటే సూది పరీక్ష. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని భయపడి వెనక్కి తిరిగి వచ్చేసేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. అది చాలా సన్నని సూది. తెర మీద గడ్డను చూస్తూ, అందులోకి సూదిని పంపి, కాస్త ముందుకూ వెనక్కూ కదిపి కాసిని కణాలు తీస్తారు. ఆ కొద్ది క్షణాలు గుటక వేయకుండా, మాట్లాడకుండా ఉంటే చాలు.

ఇక నా అసలు బెంగ వేరే ఉంది. ఏ గడ్డా లేనివాళ్లకు, ఏ ఇబ్బందీ లేనివాళ్లకు హెల్త్ చెకప్ ప్యాకేజీలో మెడ స్కానింగ్ కూడా కలిపి అమ్మడం. దాని ఫలితం ఏమిటో దక్షిణ కొరియా చూసింది. అక్కడ 1999లో ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ ఆసుపత్రులు కాస్త అదనపు రుసుముతో మెడ స్కానింగ్ కూడా చేయసాగాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఆ కాలమంతా దాదాపు మారలేదు. అంటే కొత్తగా బయటపడ్డవాటిలో అత్యధికం ఎప్పటికీ ప్రాణం తీయని చిన్న గడ్డలే. అయినా దాదాపు అందరికీ ఆపరేషన్లు చేశారు. 2014లో అక్కడి వైద్యులే కొందరు బహిరంగంగా వద్దని చెప్పాక ఏడాదిలో ఆపరేషన్లు 35 శాతం తగ్గాయి.

గ్రంథి మొత్తం తీసేస్తే జీవితాంతం పరగడుపున మాత్ర తప్పదు. గ్రంథి వెనక బియ్యపు గింజంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే ఒంట్లో కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి మొదలవుతుంది, చేతివేళ్లు కొంకర్లు పోతాయి. పక్కనే పోయే నరానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది. అవసరమైన ఆపరేషన్‌కు ఈ ప్రమాదాలు భరించవచ్చు. అవసరం లేనిదానికి ఎందుకు భరించాలి?

జపాన్‌లోని కోబే నగరంలో కుమా ఆసుపత్రి 1993లోనే వేరే దారి పట్టింది. సెంటీమీటరు లోపు ఉండి, బయటకు పాకని పాపిలరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్‌ను వెంటనే కోయకుండా క్రమం తప్పకుండా స్కానింగ్‌తో గమనిస్తూ వచ్చారు. పదేళ్లలో మూడు మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో పెరిగినవి నూటికి ఎనిమిది మాత్రమే. అలా పెరిగాక ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ బాగానే ఉన్నారు.

అన్ని రకాలూ ఇంత నెమ్మదిగా ఉండవు. మెడుల్లరీ రకం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది, రేడియో అయోడిన్ చికిత్సకు లొంగదు. అది బయటపడితే ముందు రోగికి, అందులో జన్యు లోపం తేలితే రక్తసంబంధీకులకూ జన్యు పరీక్ష చేయించాలి. అరుదైన అనాప్లాస్టిక్ రకం వస్తే చాలామందికి నెలల వ్యవధే ఉంటుంది. అందుకే రిపోర్టులో "క్యాన్సర్" అన్న మాట దగ్గరే ఆగిపోకుండా, ఏ రకం, ఎంత సైజు, బిళ్లలకు పాకిందా అని అడగండి. సగం గ్రంథి తీస్తే సరిపోతుందా, రేడియో అయోడిన్ నాకు నిజంగా అవసరమా అనీ అడగండి. చిన్న పాపిలరీ గడ్డలకు చాలాసార్లు అది అవసరం పడదు.

లక్షణాల్లేని పెద్దవాళ్లకు థైరాయిడ్ క్యాన్సర్ కోసం ఇలా వెతకొద్దని అమెరికా నిపుణుల బృందం 2017లో స్పష్టంగానే చెప్పింది. మన డయాగ్నస్టిక్ సెంటర్లు ప్యాకేజీల నుంచి మెడ స్కానింగ్‌ను తీసేయాలి. మన డాక్టర్లు మెడ గడ్డతో వచ్చిన పేషెంటుకు ప్రిస్క్రిప్షన్ రాసే ముందు ఒక్క అర నిమిషం ఆ మెడ మీద చెయ్యి పెట్టి చూడాలి.