అంచు కుదిరితేనే ఇంజినీరు

మీ రెజ్యూమెలో ‘ప్రాజెక్ట్స్’ అనే హెడింగ్ కింద రాసిన రెండు లైన్లు ఒకసారి చదువుకోండి. అందులో వాడిన మెటీరియల్‌ను ఎందుకు ఎంచుకున్నారు? ఎక్కడ కొన్నారు? ఎంత పడింది? ఎలా బిగించారు? ఈ నాలుగు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు. లేకపోతే ఓ పది నిమిషాలు నాతో రండి. మనం మాట్లాడుకోబోయేది కోడింగ్ గురించి కాదు, ఏఐ గురించీ కాదు. ఓ బుల్లి క్యాంపింగ్ ట్రైలర్‌కు వేసే అల్యూమినియం అంచుపట్టీ గురించి.

అమెరికాలో ‘టియర్‌డ్రాప్’ ట్రైలర్లని ఉంటాయి. పక్క నుంచి చూస్తే నీటిబొట్టును అడ్డంగా పడుకోబెట్టినట్టు కనిపిస్తాయి. లోపల ఇద్దరు పడుకునేంత చోటు, వెనక తలుపు ఎత్తితే చిన్న వంటగట్టు. అంతే. 1930ల నుంచి అక్కడి జనం వీటిని ఇంటి గ్యారేజీల్లో సొంతంగా చేసుకుంటున్నారు. చాలామంది 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు లెక్క పెట్టుకుంటారు. ఎందుకంటే ప్లైవుడ్ షీటు సైజు అదే కాబట్టి. డిజైన్ మొదలయ్యేది సాఫ్ట్‌వేర్‌లో కాదు, షాపులో దొరికే షీటు దగ్గర. మొదటి పాఠం ఇక్కడే ఉంది.

పక్క గోడ ప్లైవుడ్, పైకప్పు రేకు కలిసేచోట ఒక అంచు వస్తుంది. దాన్ని అల్యూమినియం పట్టీతో మూస్తారు. చూసేవాళ్లకు అది అలంకారం. చేసేవాళ్లకు మాత్రం ప్రాణం. అక్కడి నుంచి నీళ్లు దిగితే ప్లైవుడ్ పొరలు ఊడి, కర్ర లోపల్లోపలే కుళ్లిపోతుంది. బయటికి కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

కొనడం కూడా చదువే

ఈ పట్టీల్లో రకాలున్నాయి. మామూలు ఎల్ ఆకారపు యాంగిల్ ఒకటి. మధ్యలో గాడి ఉండి, స్క్రూలు బిగించాక వాటి తలలు కనపడకుండా వినైల్ పట్టీ దూర్చే రకం ఇంకొకటి. తలుపు మీద వాన నీళ్లు కారకుండా పక్కకి మళ్లించే సన్నని డ్రిప్ రెయిల్ మరొకటి. ఏది ఎక్కడికో తెలియాలంటే ముందు నీళ్లు ఎటు పోతాయో ఆలోచించాలి.

తర్వాత పొడవు. వంపు వెంబడి టేపు పెట్టి కొలిస్తే 8 అడుగుల ట్రైలర్‌కు కూడా ఒక్కో వైపు 12 అడుగులు దాటిపోవచ్చు. అంత పొడవు పట్టీ మామూలు పార్సిల్‌లో రాదు. పట్టీ ధర కంటే రవాణా ఖర్చే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. చుట్టగా చుట్టి పంపిస్తే చౌకే కానీ, విప్పాక మెలికలు తీసే పని మీది. రెండు ముక్కలు కొని అతికిస్తే ఇంకా చౌక. కానీ అతుకు ఎక్కడ పెడతారు? పైకప్పు మధ్యలో పెడితే లీకేజీని పిలిచి పీట వేసినట్టే. నిటారుగా దిగే చోట పెట్టి, పెంకుటింటి పెంకుల్లా పై ముక్క కింది ముక్క మీదికి వచ్చేలా అమర్చాలి. ధర, రవాణా, అతుకు ఈ మూడింటినీ ఒకేసారి తూచడాన్నే కంపెనీల్లో ‘సోర్సింగ్’ అంటారు. దానికి ప్రత్యేకంగా డిపార్ట్‌మెంట్లే ఉంటాయి.

వంచినప్పుడు బయటపడుతుంది

కిటికీ ఫ్రేములు, డాబా మీద సోలార్ ప్యానెళ్ల చట్రాలు, హీట్ సింకులు వీటిలో బాగా వాడే అల్యూమినియం మిశ్రమం 6063. ఇలాంటి పట్టీలకూ అదే అనుకూలం. దాని పక్కన టీ5, టీ6 అని రాసి ఉంటుంది. అది గట్టిదనాన్ని చెప్పే గుర్తు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి మర్చిపోయాం కదా? టీ6 ఎల్ యాంగిల్‌ను చిన్న వంపు మీద బలవంతంగా వంచితే దానర్థం చేతికి తెలుస్తుంది. పైకప్పు మీద ఉండే రెక్క సాగుతుంది. పక్క గోడ మీదికొచ్చే రెక్క కుంచించుకుని ముడతలు పడుతుంది. మరీ మొండికేస్తే పగులుతుంది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో న్యూట్రల్ యాక్సిస్ అని గీసిన గీత ఇదే.

దీనికి విరుగుడు వేడిచేసి మెత్తబరచడం, అంటే అనీలింగ్. ఇక్కడో చిక్కుంది. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి మనకు సిగ్నల్ ఇవ్వదు. చూస్తూ ఉండగానే కరిగిపోతుంది. అందుకే పాతకాలం పనివాళ్లు దాని మీద సబ్బు రుద్ది వేడిచేస్తారు. సబ్బు గీత నల్లబడగానే మంట ఆపేస్తారు. థర్మామీటర్ లేకుండా ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి ఇది. మెత్తబడితే బలం తగ్గుతుంది కదా అంటారా? తగ్గుతుంది. కానీ ఈ పట్టీ బరువు మోయదు, నీటిని ఆపుతుంది అంతే. ఎక్కడ బలం అవసరమో, ఎక్కడ అక్కర్లేదో తేల్చుకోవడమే ఇంజినీరింగ్ జడ్జిమెంట్.

స్క్రూ చిన్నదే, లెక్క పెద్దది

అల్యూమినియం ఒక్కో మీటరు, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సుమారు 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఉక్కుతో పోలిస్తే దాదాపు రెట్టింపు. 4 మీటర్ల పట్టీ తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గర ఉండి, మధ్యాహ్నం ఎండకు 60 డిగ్రీలకు కాలిందనుకోండి. 5 మిల్లీమీటర్లు సాగుతుంది. కింద ఉన్న ప్లైవుడ్ అంత సాగదు. అందుకే పట్టీలో రంధ్రం స్క్రూ మందం కంటే కాస్త పెద్దగా వేస్తారు. కింద గట్టిపడిపోయే జిగురు కాకుండా ఎప్పుడూ మెత్తగా ఉండే బ్యూటైల్ టేప్ పరుస్తారు.

ఇక స్క్రూ ఏ లోహం? మామూలు ఇనుప స్క్రూ తుప్పు పడుతుంది. ఇత్తడిదైతే తడి తగిలినప్పుడు పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌తోనూ ఆ రసాయన చర్య ఉంటుంది కానీ, స్క్రూ చిన్నది, పట్టీ పెద్దది కాబట్టి నష్టం నెమ్మదిగా జరుగుతుంది. అదే తలకిందులుగా, పెద్ద స్టీలు రేకుకు చిన్న అల్యూమినియం రివెట్లు కొడితే రివెట్లు త్వరగా పాడవుతాయి. ఇంటర్మీడియట్‌లో చదివిన ఎలక్ట్రోకెమిస్ట్రీ ఒక స్క్రూ తలలో ఇమిడిపోయింది చూడండి.

బిగించే వరస కూడా ముఖ్యమే. మొదట టేపు లేకుండా క్లాంపులతో పెట్టి చూసుకోవాలి. పైకప్పు మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులకూ వంచుకుంటూ వెళ్లాలి. రంధ్రాలన్నీ ముందే వేసేస్తే వంపు దగ్గర ఒక్కటీ కలవదు. అన్నీ కుదిరాక విప్పి, తుడిచి, టేపు పరిచి, అప్పుడు బిగించాలి.

ఇదంతా మనకెందుకు?

బ్లాగు రాస్తుంటాను కాబట్టి జూనియర్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: ‘అన్నా, ఏ కోర్సు చేస్తే జాబ్ వస్తుంది?’ ఏం చేస్తే పని వస్తుందని అడిగేవాళ్లు తక్కువ. ఫైనలియర్‌లో డబ్బు కట్టి ప్రాజెక్టు, రిపోర్టు, పీపీటీ అన్నీ కట్టగట్టి తెచ్చుకునే అలవాటు మన కాలేజీల్లో రహస్యమేమీ కాదు. అలా కొన్న ప్రాజెక్టుకు టైటిల్ గొప్పగానే ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘ఇదే మెటీరియల్ ఎందుకు?’ అనే ఒక్క ప్రశ్నకే దాని గుట్టు బయటపడుతుంది. నష్టపోయేది అమ్మినవాడు కాదు, మీరు.

‘మేం సాఫ్ట్‌వేర్‌కు వెళ్తాం, అల్యూమినియంతో మాకేం పని?’ అనే వాదన నాకు తెలుసు. కోడ్ కూడా ఎక్కువగా విరిగేది అంచుల దగ్గరే. అందుకే వాటిని ఎడ్జ్ కేసులంటారు. మధ్యలో అంతా అందరికీ పనిచేస్తుంది. రెండు భాగాలు కలిసేచోట ఏం జరుగుతుందో ముందే ఊహించగలవాడికే జీతం.

ట్రైలర్ కట్టేసి రోడ్డెక్కమని నేను చెప్పడం లేదు. మన దగ్గర రిజిస్ట్రేషన్, అనుమతులు లేకుండా అలా చేయకూడదు కూడా. మరి ఏం చేయాలి? మీ ఊళ్లో అల్యూమినియం సెక్షన్లు అమ్మే షాపుకు వెళ్లండి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల తిరిగితే ఒక సెమిస్టర్ పాఠం ఒక్క పూటలో కళ్లబడుతుంది. సెక్షన్ సాధారణంగా తూకం మీద అమ్ముతారు. తూచే ముందే లెక్క కట్టండి: 25 మిల్లీమీటర్ల రెక్కలు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎల్ యాంగిల్ ఒక మీటరు దాదాపు 380 గ్రాములు. కాటా అదే చూపిస్తే ఆ ఆనందం వేరు.

రెండు ప్లైవుడ్ ముక్కలు, ఒక మీటరు యాంగిల్, గుప్పెడు స్టెయిన్‌లెస్ స్క్రూలు తెచ్చుకోండి. ఒక వంపు మూల తయారుచేయండి. వేడిచేసే పని మాత్రం కాలేజీ వర్క్‌షాపులో, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా, కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకునే చేయండి. తర్వాత దానిమీద ఓ గంట నీళ్లు పోసి, వెనక తడి వచ్చిందేమో చూడండి. వస్తే ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. కొలతలు, ఖర్చు, ఫొటోలు, లీకైన చోటు అన్నీ రెండు పేజీల్లో రాసుకోండి.

దీంతో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పను. కానీ ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి ‘ఎందుకు?’ అని ఎన్నిసార్లు అడిగినా, చెప్పడానికి మీ దగ్గర మీదైన జవాబు ఉంటుంది. వచ్చే శని, ఆదివారాలు ఖాళీయేగా?